వెలుగుండియు వేడి లేని పొయ్యి



కూతురికో కోడలికో అమెరికాలో పురుడు పోయుటకై ఆవకాయ సీసాలును, కాయపు పొడియు మూటగట్టుకొని విమానమెక్కుచున్న తల్లిదండ్రులు నేడు మన పల్లెలలో ననేకులున్నారు. నేనును నా భార్యయు 2019వ సంవత్సరమున అట్లే పోయి, టెక్సాసు రాష్ట్రములో డల్లాసు నగరమునకు సమీపముననున్న మా అమ్మాయి యింట ఐదు నెలలుంటిమి. అచ్చటి రోడ్లను గూర్చియు, మేడలను గూర్చియు మీరు విననిది నేను క్రొత్తగా చెప్పగలిగినది లేదు. నేను చెప్పబోవునది వంటయింటి పొయ్యి ముచ్చట. ముప్పదిమూడేండ్లు విద్యుచ్ఛాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్న నేను ఆ పొయ్యి ముందర మొదట పొరపడితిని. ఆ పొరపాటెట్టిదో తెలిసియున్నచో, మీ పిల్లల యింట అట్టి పొయ్యి మొరాయించిన దినమున మీకు దారి తోచవచ్చును.

మొదట ఆ పొయ్యి యెట్టిదో చెప్పవలెను. మన యిండ్లలోనికి గ్యాసు రాకపూర్వము పట్టణములలో కొందరు కరెంటు పొయ్యి వాడుచుండిరి. మట్టి పలకలో గాడులు చేసి, వానిలో స్ప్రింగువలె చుట్టిన తీగ నమర్చెడివారు. తీగ తెగినచో రెండు కొనలను పట్టుకారుతో మెలిపెట్టి మరల వాడుకొనెడివారము. మెలిపెట్టిన చోటనే అది నాలుగు దినములలో మరల తెగెడిది. ఆ తీగ బయటికే కనబడుచుండుట చేత, ఇత్తడి గిన్నె దానికి తగిలినచో ప్రాణాపాయము.

అమెరికావారి పొయ్యియు ఆ జాతిదే. లోపలనుండు తీగ నికెలును, క్రోమియమును కలిపి చేసినది. ఆల్బర్టు మార్షు అను నతడు ఈ మిశ్రలోహమునకు 1906లో ఆ దేశమున పేటెంటు పొందెను. ఎఱ్ఱగా కాగినను గాలి సోకి త్వరగా పాడుగాకుండుట దీని గుణము. అయితే వారు ఈ తీగను బయట నుంచరు. ఒక లోహపు గొట్టము నడుమ నుంచి, చుట్టును మెగ్నీషియము ఆక్సైడను తెల్లని పొడిని గట్టిగా దట్టింతురు. ఈ పొడి వేడిని బయటికి పోనిచ్చును గాని కరెంటును పోనీయదు. అందుచేతనే గిన్నె తగిలినను భయము లేదు. ఆ గొట్టమును జిలేబీవలె చుట్టలుగా చుట్టి, పైభాగమును గిన్నె నిలుచుటకై చదును చేయుదురు. ఇట్టి చుట్టలు పైన నాలుగు. వాని క్రింద బీరువావలె తలుపు గల ఓవెను, అనగా రొట్టెలు కాల్చు అర. ముందరనో వెనుకనో మీటలును, గడియారమును. ఇదంతయు కలసి ఒక్క యినుప పెట్టె. దీనిని వారు రేంజి అందురు. కొన్ని యిండ్లలో చుట్టలకు మారుగా పైన నల్లని గాజు పలక యుండును. దాని క్రిందను కాగు తీగలే యుండును.

పెద్ద చుట్ట సాధారణముగా 2100 మొదలు 2600 వాట్టుల వరకును, చిన్నది 1250 మొదలు 1500 వాట్టుల వరకును శక్తిని తీసికొనును. ఓవెనును, నాలుగు చుట్టలును ఒక్కసారి వేసినచో మన పొలములలోని ఐదు హార్సుపవరు మోటార్లు రెంటికి చాలినంత శక్తి ఆ ఒక్క పెట్టెలోనికే పోవును. ఈ మాట జ్ఞాపకమందుంచుకొనుడు. ముందు దీనితో పని గలదు.

బిడ్డ పుట్టిన పదునాల్గవ నాడు తెల్లవారుజామున నా భార్య బాలింతరాలి స్నానమునకై పెద్ద గిన్నెతో నీళ్ళు పొయ్యిపై నుంచి మీట త్రిప్పెను. పావుగంట గడచినను గిన్నె అడుగు చల్లగానే యుండెను. “ఏమండీ, ఒకసారి ఇటు రండి. పొయ్యి దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, నీళ్ళు మాత్రం వెచ్చబడడం లేదు” అని పిలిచెను. పోయి చూచితిని. గడియారపు అంకెలు పచ్చగా మెఱయుచుండెను. ఓవెను తలుపు తెఱవగా లోపలి దీపము వెలిగెను. మీట త్రిప్పినప్పుడు వెలుగవలసిన చిన్న ఎఱ్ఱదీపమును వెలుగుచునే యుండెను. చుట్టలు మాత్రము చల్లబడిన పెనమువలె నల్లగా నుండెను.

“కరెంటు వచ్చుచున్నది, రోగము పొయ్యిలోనే యున్నది” అని నేను తీర్పు చెప్పితిని. ఉద్యోగమందున్నంత కాలము ఎందరికో చెప్పిన మాటయే అది. ఇంట దీపము వెలుగుచుండగా మిక్సీ తిరుగకున్నచో లోపము మిక్సీదే యగును గదా! ఆ అలవాటు చొప్పుననే చుట్టలను పెఱికి చూడ మొదలిడితిని. ఆ చుట్టలు దీపపు బల్బువలె ఊడదీసి మరల పెట్టుకొనదగినవి. ఒక్కొక్క చుట్టకు రెండేసి కాళ్ళుండును. అవి లోపలి దిమ్మలోని రంధ్రములలో దూరును. మీటలన్నియు ఆపి, ఒక చుట్టను దీసి మఱియొకచోట పెట్టితిని. కాగలేదు. రెండవదానిని మార్చితిని. కాగలేదు. నాలుగును కాగలేదు. ఓవెనును కాగలేదు.

అక్కడనే నాకు తట్టవలసినది. నలుగురన్నదమ్ములు ఒకే రాత్రి జబ్బుపడినచో ఒక్కొక్కరి నాడిని విడివిడిగా చూచుట వైద్యుని లక్షణము కాదు. వారందఱు త్రాగిన నూతి నీటిని చూడవలెను. కాని అది నాకు తట్టలేదు. పొయ్యిని ముందునకు లాగి వెనుకనున్న ఱేకు విప్పుటకు స్క్రూడ్రైవరు తెమ్మని అల్లుని లేపితిని. అతడు కంప్యూటరు ఉద్యోగి, విద్యుత్పని యెఱుగడు. అయినను కృష్ణా డెల్టాలో వ్యవసాయము చేసిన యింటి పిల్లవాడు. స్క్రూడ్రైవరు చేతికీయకయే, నిద్ర కన్నులతో, “మామయ్యగారూ! మన పొలంలో మోటారు గుర్రుమని తిరగకపోతే ముందు మోటారు విప్పుతారా, ఫేజులు చూస్తారా?” అని యడిగెను.

నాకు సిగ్గు కలిగినది. ఆ ప్రశ్నలోనే సమాధానము గలదు. అదెట్లో విన్నవించెదను.

మన పల్లెలో ట్రాన్సుఫార్మరు నుండి మూడు ఫేజులును, ఒక న్యూట్రలును వచ్చును. ఇంటికి ఒక ఫేజును, న్యూట్రలును చాలును. వాని నడుమ సుమారు 230 వోల్టులుండును. పొలము మోటారునకు మూడు ఫేజులును కావలెను. వానిలో ఒకటి పోయినచో ఏమగునో రైతులకు నేను చెప్పనక్కఱలేదు. మోటారు తిరుగక మూలుగును, వేడెక్కును, ఆపకున్నచో కాలిపోవును. ఆ సమయముననే షెడ్డులోని బల్బు, తన ఫేజు బాగున్నచో, నిశ్చింతగా వెలుగుచుండును. బల్బు వెలుగుచున్నదని నమ్మి స్టార్టరు మీట మరల మరల నొక్కి మోటారు కాల్చుకొన్నవారిని నేను వేలు మడచి లెక్కపెట్టగలను.

అమెరికాలో ఇండ్లకు మూడు ఫేజులు రావు. స్తంభము మీదనో, ఇంటి ముందర పచ్చని పెట్టెలోనో యున్న ట్రాన్సుఫార్మరు చుట్టకు రెండు కొనల నుండి రెండు ప్రాణపు తీగలును, సరిగా నడిమి నుండి ఒక న్యూట్రలు తీగయు వచ్చును. నడిమిదానిని భూమికి కలిపియుంతురు. ప్రాణపు తీగలలో ఏ యొక్కదానికైనను న్యూట్రలునకును నడుమ 120 వోల్టులు. రెండు ప్రాణపు తీగలకు నడుమ 240 వోల్టులు. దీపములు, గడియారములు, మిక్సీలు మొదలగు చిన్నవన్నియు 120 వోల్టులతో నడచును. పొయ్యి, బట్టలారబెట్టు యంత్రము, నీళ్ళు కాచు తొట్టి, ఇల్లు చల్లబఱచు యంత్రము మొదలగు పెద్దవి రెండు ప్రాణపు తీగలను పట్టుకొని 240 వోల్టులతో నడచును.

ఇప్పుడు కిటుకు చూడుడు. ఆ రేంజిలో కాగు చుట్టలు రెండు ప్రాణపు తీగల నడుమ నున్నవి. గడియారమును, ఓవెను దీపమును ఒక ప్రాణపు తీగకును న్యూట్రలునకును నడుమ నున్నవి. రెండవ ప్రాణపు తీగ తెగినచో గడియారమునకు తెలియనే తెలియదు; చుట్టలకు మాత్రము దారి మూసికొనిపోవును. జోడెద్దులలో ఒకటి త్రాడు తెంపుకొని పోయినను రెండవదాని మెడలోని గంట మ్రోగుచునే యుండును. గంట వినబడుచున్నదని అరక సాగునా? నేను గంట విని అరక పట్టుకొన్నవాడనైతిని.

పనిలో పనిగా తలక్రిందులైన సంగతియు చెప్పుచున్నాను. చుట్టలు కాగుచు గడియారమును, దీపమును ఒక్కసారిగా ఆరిపోయినచో, న్యూట్రలు తెగినదేమోయని శంకింపవలెను. ఇది వినుటకు చిన్న లోపమువలె తోచును గాని ప్రమాదము దీనియందే యెక్కువ. ఆ దేశపు విద్యుత్ నియమావళి 1996 నాటి కూర్పు నుండి క్రొత్తగా వేయు పొయ్యి తీగలలో న్యూట్రలు వేఱుగను, ఎర్తు వేఱుగను ఉండవలెనని విధించినది. అంతకు ముందు కట్టిన యిండ్లలో ఎర్తు తీగ లేక, పొయ్యి యొక్క యినుప పెట్టెను న్యూట్రలునకే కలిపి విడిచినవి పెక్కులున్నవి. అట్టిచోట న్యూట్రలు తెగినచో పెట్టె యంతయు కరెంటు పట్టవచ్చును. పొయ్యి అంచు తాకినప్పుడు చేయి జివ్వుమన్నచో, ఆ చేతిని మరల దానిపై పెట్టకుడు. బ్రేకరు ఆపించుడు.

బ్రేకరన్న మాట వచ్చినది గనుక చెప్పెదను. అల్లుడును నేనును కారు నిలుపు కొట్టములోని బ్రేకరు పెట్టె యొద్దకు పోయితిమి. పొయ్యికి రెండు మీటలు జతగూర్చిన బ్రేకరుండును. దానిపై 40 గాని 50 గాని అను అంకె వ్రాసియుండును. అది ఆంపియర్ల లెక్క. మన బ్రేకరు పడినచో మీట పూర్తిగా క్రిందికి వ్రాలి దూరమునకే కనబడును. వారి బ్రేకర్లలో పెక్కు అట్లు గాక, పడిన పిదప మీట నడుమ నిలిచిపోవును. పైపై చూచువానికి అన్నియు ఒకే వరుసలో నున్నట్లు భ్రమ కలుగును. వ్రేలితో ఒక్కొక్కటి తాకి చూడవలెను. నడుమ నిలిచిన దానిని ఊరక ముందునకు నెట్టినచో అది నిలువదు. మొదట ఆపు వైపునకు పూర్తిగా నొక్కి, పిదప వేయు వైపునకు నెట్టవలెను. ఇది తెలియక “బ్రేకరు చెడిపోయినది” అని పనివానిని పిలిచి డబ్బిచ్చుకొన్నవారిని గూర్చి మా అల్లుని స్నేహితులు చెప్పగా వింటిని.

మా బ్రేకరు నడుమ లేదు, సరిగానే యున్నది. ఆపి వేసినను మార్పు లేదు. ఆలోచింపగా ఇందు ఆశ్చర్యము లేదు. జంట బ్రేకరు పడినచో రెండు తీగలును ఒక్కసారే తెగును; గడియారమును ఆరిపోవును. గడియారము వెలుగుచున్నదనగా ఒక తీగ వచ్చుచున్నది, ఒక తీగ రాకున్నది. బ్రేకరులో ఒక ప్రక్క చెడియుండవచ్చును; దారిలో కట్టు ఊడియుండవచ్చును; లేక గోడలోని సాకెట్టునొద్ద ఏదో జరిగియుండవచ్చును. అల్లుని యొద్ద కొలత మీటరు గలదు. సాకెట్టు వఱకు వచ్చి కొలుచుటకు పొయ్యిని గోడ నుండి ముందునకు జరిపితిమి. జరుపుచుండగనే నా భార్య “ఆగండి ఆగండి, ఎఱ్ఱబడుతోంది!” అనెను. చూడగా చుట్ట నిజముగనే ఎఱ్ఱబడుచున్నది.

ఇంటిల్లిపాదికి సంతోషము కలిగెను. బాలింతరాలు లేచి వచ్చి, “నాన్నగారి చెయ్యి పడితే చాలు” అనెను. నా భార్య గిన్నె సరిచేసి పెట్టెను. నాకు మాత్రము సంతోషము కలుగలేదు. ఏలయన, కదిపినంతమాత్రమున నయమైన రోగమునకు పేరొక్కటే: వదులు కట్టు. పొయ్యి కదిలినప్పుడు దాని త్రాడును, త్రాటితో సాకెట్టులోని ప్లగ్గును కదలినవి. ఎడబాసిన లోహము రెండును మరల కొంచెము తాకినవి. నేను వంగి గోడ వైపు ముక్కు పెట్టి చూచితిని. చేపలు ఎండినట్లును, బేకలైటు మాడినట్లును సన్నని వాసన. ముప్పదిమూడేండ్లలో ఆ వాసనను నేను మఱువలేదు.

వెంటనే పోయి బ్రేకరు ఆపి వచ్చితిని. “కాగుతున్నదాన్ని ఆర్పుతారేమిటి? పిల్లకు నీళ్ళు కావద్దూ?” అని నా భార్య కోపించెను. ఆమె కోపము న్యాయమైనదే. పనివాడు వచ్చుటకు రెండు దినములు పట్టునని ఫోనులో చెప్పిరి. ఆ రెండు దినములు పొయ్యి వాడుకొని, పిదప బాగుచేయించుకొనవచ్చును గదా యని అల్లుడును మెల్లగా ననెను. అప్పుడు నేను కాగితము తీసి వారికి లెక్క చూపించితిని. ఆ లెక్క మీకును చెప్పెదను, కష్టమైనది కాదు.

కరెంటు వదులుగానున్న కట్టు గుండ పోవునప్పుడు అచ్చట అడ్డంకి పుట్టును. ఆ అడ్డంకిని ఓముల లెక్కను కొలుతురు. కరెంటును కరెంటుతో హెచ్చించి, దానిని ఓములతో హెచ్చించినచో అచ్చట పుట్టు వేడి వాట్టులలో వచ్చును. రెండు చుట్టలు వేసినప్పుడు 20 ఆంపియర్లు పోవుననుకొందము. కట్టులోని అడ్డంకి ఒక ఓములో ఐదవ వంతు మాత్రమే యనుకొందము. ఇరువదిని ఇరువదిచే హెచ్చించిన నాలుగు వందలు. అందులో ఐదవ వంతు ఎనుబది. అనగా 80 వాట్టుల వేడి ఒక స్క్రూ తలమీద, గాలి యాడని గోడపెట్టెలో, పుట్టుచుండును. వెనుకటి కాలపు తీగ బల్బు అరువది వాట్టులది వెలుగుచుండగా చేతితో పట్టుకొనగలిగినవాడెవడు? వేడికి స్క్రూ వ్యాకోచించును, ఆపగా ముడుచుకొనును, ఇంకను వదులగును, అడ్డంకి యింకను పెరుగును. ఇట్లు రోగము రోగమును పెంచును.

మఱి బ్రేకరు కాపాడదా యని మీరడుగవచ్చును. మా అల్లుడును అదే అడిగెను. బ్రేకరు పని హద్దు మీఱిన కరెంటును పట్టుట. వదులు కట్టు కరెంటును పెంచదు. కొంచెము తగ్గించును కూడ. కనుక గుమ్మమందలి కావలివాడు దొంగ బయటి నుండి వచ్చినచో పట్టును గాని, లోపల పొట్లములో నిప్పురవ్వ రాజుకొనుచుండుటను ఎఱుగడు. పైగా ఆ దేశపు ఇండ్లు మన వలె ఇటుకగోడలవి కావు. బయటికి ఇటుక కనబడినను లోపలి చట్రము కొయ్యది. ఆ సాకెట్టు వెనుక నున్నదియు కొయ్య నిట్రాడయే. ఇంటిలో పదునాలుగు దినముల పసిగుడ్డు.

ఈ మాట విని నా భార్య మాటాడక విద్యుత్ కెటిలు తీసెను. 120 వోల్టుల దేశమున కెటిలు 1500 వాట్టులకు మించి లాగదు గావున నీళ్ళు కాగుట ఆలస్యము. ఐదాఱు మాఱులు కాచి బకెట్టు నింపెను. అన్నము కుక్కరులోను, చారు సయితము కుక్కరులోనే. వాముపొడి వేయించుటకు ప్రక్కయింటి తెలుగువారి పొయ్యి దిక్కయ్యెను. రెండు దినములు నేను ఆ యింట ఎక్కువగా మాటాడకుంటిని.

మూడవ నాడు విద్యుత్పనివాడు వచ్చి, బ్రేకరు ఆపి, కరెంటు లేదని మీటరుతో రెండు మాఱులు చూచుకొని, సాకెట్టు విప్పెను. ఒక ప్రాణపు తీగ కొన రెండంగుళముల మేర నల్లబడి, పైతొడుగు పెళుసై రాలిపోవుచుండెను. సాకెట్టు ప్లాస్టిక్కు ఒక ప్రక్క కరగి లోనికి క్రుంగియుండెను. వెనుకనున్న కొయ్యపై కాఫీ ఒలికినట్లు గోధుమరంగు మచ్చ. కారణమేమనగా, ఎప్పుడో ఆ సాకెట్టు బిగించిన చేతులు ఆ స్క్రూను పూర్తిగా బిగింపలేదు. అంతే. పనివాడు కాలిన భాగమును కత్తిరించి, శుభ్రమైన రాగి కనబడువఱకు తీగను వెనుకకు పోయి, క్రొత్త సాకెట్టును, పొయ్యికి క్రొత్త త్రాడును వేసెను. ప్రాత త్రాటి ప్లగ్గులో ఒక రేకు పుచ్చిన పన్నువలె గుంటలు పడియుండెను. అట్టి ప్లగ్గును క్రొత్త సాకెట్టులో గ్రుచ్చినచో అదియు ఆఱు మాసములలో కాలునని అతడు చెప్పెను, అది నిజము.

ఇంతవఱకు చెప్పినది పొయ్యి యంతయు కాగనప్పటి సంగతి. ఒక్క చుట్ట మాత్రమే కాగకున్నచో కథ వేఱు. అప్పుడు లోపము ఆ చుట్టలోనో, దాని కాళ్ళు దూరు దిమ్మలోనో, దాని మీటలోనో యుండును. మీటలన్నియు ఆపి, చుట్టలు చల్లబడిన పిదప, అంతే కొలత గల పని చేయుచున్న చుట్టను తెచ్చి ఆ స్థలమున పెట్టి చూడవలెను. అది కాగినచో ప్రాత చుట్ట చచ్చినది. క్రొత్తది కొనిన చాలును. అదియు కాగకున్నచో దిమ్మనో మీటనో చూడవలెను; చుట్ట కాళ్ళు నల్లబడి గుంటలు పడియున్నచో దిమ్మ కాలినదని తెలియును. మీటరు గలవారు ఊడదీసిన చుట్ట రెండు కాళ్ళకు నడుమ ఓములు కొలువవచ్చును. పెద్దదానికి ఇరువదికి పైన, చిన్నదానికి నలువదికి అటునిటు వచ్చినచో అది బ్రతికియున్నది. అసలే చూపకున్నచో తీగ తెగినది. ఓవెను మాత్రమే కాగకున్నచో దాని అడుగు చుట్టను దీపము పెట్టి చూడుడు. పొక్కిపోయి చిట్లిన చోటు తఱచుగా కంటికే కనబడును.

లోపము కాని లోపములును కొన్ని గలవు. మీట సగము త్రిప్పినప్పుడు చుట్ట ఎఱ్ఱబడి, ఆఱి, మరల ఎఱ్ఱబడుచుండును. దీనిని చూచి పెద్దలు తఱచు కంగారుపడుదురు. మీటలోపలి రెండులోహముల పట్టీ వేడికి వంగి కరెంటును తెంపుచు, చల్లబడి కలుపుచు నుండుట చేత అట్లగును; మంట తగ్గించుటకు వారి ఉపాయమదియే. ఇటీవల చేసిన పొయ్యిలలో చుట్ట నడుమ వేడిని కనిపెట్టు బొత్తాము వంటిది గలదు. అది గిన్నె అడుగునకు తాకుచుండును. మనము ఇంటి నుండి మోసికొనిపోయిన గుండ్రని అడుగు గల మూకుడు దానిపై సరిగా కూర్చుండదు గావున పొయ్యి నడుమ నడుమ ఆగుచుండును. అది పొయ్యి తప్పు కాదు, మూకుడు తప్పును కాదు. ఆ రెంటికి పొత్తు కుదరలేదు. ఇక పసిపిల్లలున్న యిండ్లలో పొయ్యి బల్లపైనున్న తాళపు గుర్తును ఎవరో కొంతసేపు నొక్కిపట్టుటచే ఓవెను మూగవోవుట కలదు. ఆ గుర్తునే మరల మూడు నాలుగు క్షణములు నొక్కిపట్టినచో తాళము విడును. మా మనుమరాలు నడక నేర్చిన పిదప ఆ పని చేయుచున్నదని అమ్మాయి ఫోనులో చెప్పుచుండును.

అద్దె యింట నున్నవారైనచో వెనుక ఱేకు విప్పకుడు. ఇంటివారికి చెప్పుట మన పని, బాగుచేయించుట వారి పని. సొంత యింటనైనను గోడ సాకెట్టు విప్పుట పని తెలిసినవానికే విడువవలెను. బ్రేకరు పడినచో ఒక్కమాఱు వేసి చూడుడు. మరల పడినచో వేయకుడు.

మేము ఊరికి తిరిగి వచ్చిన మఱునాడు నేను చేసిన మొదటి పని మా దొడ్డిలోని స్టార్టరు పెట్టె తెఱచి ప్రతి స్క్రూను బిగించి చూచుట. ఇంటికి వచ్చు తీగ స్తంభము నొద్ద మెలిపెట్టి విడిచియుండగా, దానిని శాఖవారిచే సరియైన బిగింపు వేయించితిని. ఇన్నేండ్లు ఇతరుల యిండ్ల కట్లు చూచిన నేను నా యింటి కట్టు చూడలేదని నా భార్య ఇరుగుపొరుగు వారితో చెప్పుచున్నది. కాలిన ఆ సాకెట్టును పనివానిని అడిగి పుచ్చుకొని పెట్టెలో పెట్టుకొని తెచ్చితిని. అది మా అరుగు గూటిలో నున్నది. మోటారుకో పొయ్యికో కరెంటు లోపమని వచ్చినవారికి మొదట దానిని చేతికిచ్చి వాసన చూడుమందును. మాడిన వాసన దానికి ఇంకను పోలేదు.